నట్లు ఎక్కితే సరిపోదు: కారుకు చక్రం, ఆఫ్‌సెట్, టైరు సైజు ఎంచుకోవడం ఎలా?

మా స్విఫ్ట్‌కి పదహారు అంగుళాల అల్లాయ్స్ వేయించిన వారానికే శ్రీశైలం బయల్దేరాం. ముందు నేనూ బావా, వెనక అక్కా ఇద్దరు పిల్లలూ, డిక్కీ నిండా సామాను. డిండి దాటేదాకా అంతా హుషారే. మన్ననూరు దాటి అడవిలోకి వెళ్లాక ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా వెనక నుంచి ‘గర్ర్’మని చప్పుడు. "బ్రేకులేమోరా, ఆపి చూడు" అన్నాడు బావ. దిగి చూస్తే బ్రేకులు కావు. వెనక టైరు భుజం మీద రబ్బరు చాకుతో చెక్కినట్టు లేచిపోయి ఉంది. బండి కిందికి దిగినప్పుడల్లా మడ్‌గార్డ్ అంచు దాన్ని కోస్తోంది. సామాను సగం మా కాళ్ల దగ్గర పెట్టుకుని, ముప్పై నలభై స్పీడులో కొండ ఎక్కాం.

అమ్మినతను నాకు అబద్ధం చెప్పలేదు. "మీ బండికి ఎక్కుతుంది సార్" అన్నాడు, ఎక్కింది. నాలుగు నట్లూ బిగుసుకున్నాయి. చక్రం ఎక్కడం వేరు, కుదరడం వేరు అని నాకే తెలియలేదు. తర్వాత కాగితం, పెన్ను తీసుకుని పది నిమిషాలు లెక్క వేస్తే తప్పెక్కడో తేటగా కనిపించింది. ఆ పది నిమిషాల పని షాపుకి వెళ్లక ముందే ఎలా చేసుకోవాలో చెబుతాను. నా ఉదాహరణ స్విఫ్ట్. మీది ఐ20 అయినా హోండా సిటీ అయినా పద్ధతి ఇదే, అంకెలు మాత్రం మీ బండివి పెట్టుకోండి.

ముందు మీ బండి మీద ఉన్న అంకెలు రాసుకోండి

డ్రైవర్ తలుపు తీస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. కంపెనీ ఒప్పుకున్న టైరు సైజులు, ఎంత గాలి పెట్టాలో అందులో ఉంటాయి. ఒకే మోడల్‌కి కంపెనీయే రెండు సైజులు ఇవ్వడం మామూలే. 2018లో వచ్చిన స్విఫ్ట్‌లో కింది వేరియంట్లకి 165/80 ఆర్14, పై వేరియంట్‌కి 185/65 ఆర్15 వచ్చాయి. మీ మోడల్‌లో పై వేరియంట్‌కి కంపెనీ ఇచ్చిన సైజు ఏదో అదే మీకు అన్నిటికంటే నిశ్చింతైన అప్‌గ్రేడ్. చాలామంది అక్కడితో ఆగిపోతే మంచిదని నా అభిప్రాయం. ఆగరని కూడా తెలుసు, నేనూ ఆగలేదు.

టైరు మీద 185/65 ఆర్15 88హెచ్ అని ఉందనుకోండి. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 మిల్లీమీటర్లు కాదు, శాతం. పక్కగోడ ఎత్తు వెడల్పులో 65 శాతం అని అర్థం. ఆర్ అంటే రేడియల్, 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. 88 బరువు కోడు, ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా పనికొస్తుంది.

ఇక రిమ్ము. చక్రం ఊడదీసి వెనక వైపు చూస్తే పోతలోనే 15×5.5 జే ఈటీ 45 లాంటి అచ్చు ఉంటుంది. 5.5 అనేది టైరు అంచులు కూర్చునే చోట రిమ్ము లోపలి వెడల్పు, అంగుళాల్లో. జే అనేది రిమ్ము అంచు ఆకారానికి గుర్తు, లెక్కలో దాంతో పని లేదు. ఈటీ పక్కనున్న అంకే ఆఫ్‌సెట్, అదేంటో కింద చెబుతాను. పంచర్ షాపులో స్టెప్నీ మార్చే రోజున ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి, చాలు. ఇక్కడ లెక్క కోసం 5.5 జే, ఈటీ 45 అనే అనుకుందాం.

టైరు మొత్తం ఎత్తు మారకుండా చూసుకోండి

రిమ్ము పెద్దదైతే పక్కగోడ ఆ మేరకు తగ్గాలి. అలాగైతేనే చక్రం మొత్తం వ్యాసం పాతదానికి దగ్గరగా ఉంటుంది. స్పీడోమీటరు, ఏబీఎస్, గేర్ల లాగుడు అన్నీ ఆ వ్యాసాన్ని నమ్ముకునే పనిచేస్తాయి.

లెక్క ఇది. వెడల్పును శాతంతో గుణిస్తే పక్కగోడ ఎత్తు వస్తుంది. దాన్ని రెట్టింపు చేసి, రిమ్ము వ్యాసాన్ని మిల్లీమీటర్లలోకి మార్చి కలపాలి. అంగుళానికి 25.4 మి.మీ.

185/65 ఆర్15 తీసుకుంటే 185లో 65 శాతం 120.25. రెండు వైపులా కలిపి 240.5. పదిహేను అంగుళాలు 381. మొత్తం 621.5 మి.మీ.

ఇప్పుడు షాపుల్లో ఈ సైజుకు బదులుగా చూపించేవి ఒక్కోటి చూద్దాం.

195/65 ఆర్15 అయితే 634.5 వస్తుంది, అంటే 2.1 శాతం ఎక్కువ. మీటరు వంద చూపిస్తుంటే బండి నూటరెండు దాటి పోతున్నట్టు. గ్రౌండ్ క్లియరెన్స్ ఆరు మిల్లీమీటర్లు పెరుగుతుంది. చిన్న ఇంజన్ బండిలో లాగుడు కొంచెం మందగిస్తుంది.
195/60 ఆర్15 అయితే 615, ఒక శాతం తక్కువ.
195/55 ఆర్16 అయితే 620.9. దాదాపు పాతదే.
205/55 ఆర్16 అయితే 631.9, అంటే 1.7 శాతం ఎక్కువ. నాకు అంటగట్టింది ఇదే.

తేడా రెండు శాతం లోపే ఉంచుకోండి. మూడు దాకా పర్లేదనేవాళ్లున్నారు కానీ, చిన్న కార్లలో చక్రం చుట్టూ ఉండే ఖాళీయే తక్కువ. పెరగడం కన్నా తగ్గడం నయం అనుకోవడానికీ లేదు. వ్యాసం తగ్గితే మన స్పీడ్‌బ్రేకర్లకు బండి కడుపు తగులుతుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 165/80 ఆర్14 వ్యాసం లెక్కేస్తే 619.6 వస్తుంది. 185/65 ఆర్15కి రెండు మిల్లీమీటర్ల తేడా కూడా లేదు. అందుకే పదిహేను అంగుళాల అల్లాయ్స్ ఉన్న స్విఫ్ట్‌లో స్టెప్నీగా పద్నాలుగు అంగుళాల ఇనుప చక్రం ఇచ్చినా బండి నడుస్తుంది. మీరు వ్యాసం మార్చేస్తే ఈ వెసులుబాటు పోతుంది. ఇంటి నుంచి రెండొందల కిలోమీటర్ల దూరంలో పంచరైన రోజున తెలుస్తుంది దాని విలువ.

పక్కగోడ గురించి కూడా ఆలోచించండి. 185/65లో అది 120 మి.మీ. 195/55కి వచ్చేసరికి 107. పోయిన ఆ పదమూడు మిల్లీమీటర్లు గుంతకీ రిమ్ముకీ మధ్య ఉన్న పరుపు. వానాకాలంలో నీళ్లు నిండిన గుంతలో పడితే టైరు పక్కన బుడిపె లేస్తుంది, లేదా రిమ్ము అంచు వంగుతుంది. బుడిపె లేచిన టైరును పంచర్ వేసినట్టు బాగుచేయడం కుదరదు, పారేయాల్సిందే. రోజూ కాలనీ రోడ్లలో తిరిగే బండికి పదిహేను నుంచి పదిహేడు అంగుళాలకు వెళ్లడం నేనైతే వద్దంటాను. ఫోటోలో బావుంటుంది, ఒప్పుకుంటాను.

టైరుకు తగ్గ రిమ్ము వెడల్పు

ప్రతి టైరు సైజుకీ ఫలానా వెడల్పు నుంచి ఫలానా వెడల్పు రిమ్ము దాకా అని హద్దు ఉంటుంది. 185/65 ఆర్15కి 5 నుంచి 6.5 అంగుళాల దాకా, 195/55 ఆర్16కి 5.5 నుంచి 7 దాకా. హద్దు చివరలకు పోకుండా మధ్యలో ఉండండి. ఇరుకు రిమ్ముకి వెడల్పు టైరు వేస్తే మలుపులో పక్కగోడ ఊగుతుంది. వెడల్పు రిమ్ముకి సన్న టైరు సాగదీసి వేస్తే రిమ్ము అంచు బయటకొచ్చి, ఫుట్‌పాత్ రాయికి మొదట తగిలేది అదే అవుతుంది.

ఆఫ్‌సెట్ లెక్క, అసలు కథ ఇక్కడే

చక్రాన్ని నిలువుగా సరిగ్గా మధ్యకు కోశారనుకోండి. ఆ మధ్య గీతకీ, హబ్బుకి (బండి వైపు చక్రాన్ని బిగించే భాగం) ఆనుకునే పలక ఉన్న చోటుకీ మధ్య దూరమే ఆఫ్‌సెట్. పలక బయటి వైపు, అంటే మనకు కనిపించే వైపుకు జరిగి ఉంటే అది ప్లస్. ఇప్పటి కార్లలో దాదాపు అన్నీ ప్లస్సే. ఈటీ అనేది ఐన్‌ప్రెస్‌టీఫ అనే జర్మన్ మాటకు పొట్టిపేరు. దానికీ ఎక్స్‌ట్రాకీ సంబంధం లేదు, షాపుల్లో కొందరు అలా చెబుతుంటారు.

ఒక్కటి గుర్తుంటే చాలు. ఈటీ అంకె తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది, పెరిగితే లోపలికి పోతుంది. 45 నుంచి 35కి వస్తే పది మిల్లీమీటర్లు బయటికొచ్చినట్టు. కానీ దీంతోపాటు టైరు వెడల్పు కూడా మారుతుంది కాబట్టి రెండూ కలిపి లెక్కేయాలి.

టైరు వెడల్పులో సగం తీసుకోండి. అందులోంచి ఈటీ తీసేస్తే, హబ్బు పలక నుంచి టైరు బయటి అంచు ఎంత దూరమో వస్తుంది. ఈటీ కలిపితే లోపలి అంచు దూరం వస్తుంది.

పాతది 185, ఈటీ 45. సగం 92.5. బయటికి 47.5, లోపలికి 137.5.

నేను వేయించింది 205 టైరు, 6.5 జే రిమ్ము, ఈటీ 35. సగం 102.5. బయటికి 67.5, లోపలికి 137.5.

చూశారా? లోపలి వైపు ఒక్క మిల్లీమీటరు కూడా మారలేదు. షాపులో అతను చక్రం వెనక చెయ్యి పెట్టి "సస్పెన్షన్‌కి ఎక్కడా తగలదు సార్" అని చూపించింది నిజమే. మొత్తం ఇరవై మిల్లీమీటర్లూ బయటి వైపుకే వచ్చాయి. దాని మీద వ్యాసం పది మిల్లీమీటర్లు పెరిగింది, అంటే టైరు పైభాగం మడ్‌గార్డ్‌కి ఐదు మిల్లీమీటర్లు దగ్గరైంది. ఖాళీ బండిలో ఇవేవీ తెలియవు. వెనక ముగ్గురు, డిక్కీలో సామాను ఎక్కి స్ప్రింగులు నొక్కుకున్నాకే టైరు వచ్చి రేకు కింద చేరింది. శ్రీశైలం దారిలో నా చెవులకు వినబడింది ఆ ఇరవై మిల్లీమీటర్లే.

తర్వాత మార్పించింది 195/55 ఆర్16, 6 జే, ఈటీ 42. సగం 97.5. బయటికి 55.5, లోపలికి 139.5. పాతదానితో పోలిస్తే బయటికి ఎనిమిది, లోపలికి రెండు. ఇది కుదిరింది.

ఇదే లెక్క రిమ్ము వెడల్పుతో కూడా ఒకసారి వేయండి, రెండింట్లో ఏది ఎక్కువ వస్తే దాన్ని నమ్మండి. టైరు అసలు వెడల్పు దాని మీద రాసిన అంకె కంటే నాలుగైదు మిల్లీమీటర్లు ఎక్కువుండటం సహజం, పైగా రిమ్ము అర అంగుళం పెరిగితే టైరు సుమారు ఐదు మిల్లీమీటర్లు విచ్చుకుంటుంది. అంచుకు సరిగ్గా సరిపోయేలా లెక్కేసుకుంటే దెబ్బతినేది ఇందుకే.

బయటికి ఎంత దాకా పోవచ్చు? బండిని బట్టి ఉంటుంది, అయినా పది మిల్లీమీటర్లు దాటుతోందంటే ఆగి ఆలోచించండి. చక్రం బయటికి జరిగేకొద్దీ బేరింగ్ మీద పడే భారం పెరుగుతుంది, స్టీరింగ్ గుంతల్లో చేతిని లాగుతుంది, వానలో బురదంతా తలుపుల మీదికి చిమ్ముతుంది. లోపలి వైపు అసలు ప్రమాదం వేరు. ముందు చక్రాల్లో షాకబ్జర్ గొట్టం టైరుకు వేలెడు దూరంలో ఉంటుంది. అక్కడ తగిలితే చప్పుడుతో పోదు, పక్కగోడ కోసుకుపోతుంది. అందుకే లోపలికి ఐదు దాటి పోవద్దు, పోయేముందు చక్రం విప్పించి ఖాళీ ఎంతుందో స్కేలుతో కొలవండి.

"స్పేసర్ వేద్దాం" అనే మాట వినిపిస్తుంది. చక్రానికీ హబ్బుకీ మధ్య పెట్టే బిళ్లే స్పేసర్. పది మిల్లీమీటర్ల స్పేసర్ అంటే ఈటీ పది తగ్గించినట్టే. అంత మేర నట్టుకు అందే మర దారం తగ్గిపోతుంది. నట్టు నాలుగు చుట్లే తిరిగి బిగుసుకుందంటే ఆ బండి నేనైతే ఎక్కను. "మడ్‌గార్డ్ అంచు లోపలికి మడిచేద్దాం" అనే డెంటింగ్ సలహా కూడా వస్తుంది. రంగు పగిలి రెండు వానాకాలాల్లో తుప్పు మొదలవుతుంది. తప్పు చక్రానిదైతే బండిని ఎందుకు కొట్టించాలి?

బోల్టుల దగ్గర మూడు చూడాలి

పీసీడీ అంటే బోల్టు రంధ్రాలు ఉండే వలయం వ్యాసం. స్విఫ్ట్, సిటీ లాంటివి 4×100, అంటే నాలుగు రంధ్రాలు, 100 మి.మీ. వలయం. క్రెటా 5×114.3. పోలో 5×100. పాత పుంటో 4×98. వందకీ తొంభై ఎనిమిదికీ కంటికి తేడా తెలియదు, నట్లు కూడా కొంచెం గట్టిగా లాగితే పట్టేస్తాయి. కానీ చక్రం వంకరగా కూర్చుని, నడుస్తుండగా నట్లు వదులవుతాయి. రంధ్రాలు ఎనిమిది ఉన్న రిమ్ములు మన షాపుల్లో ఎక్కువ. రెండు పీసీడీలకు పనికొచ్చేలా చేస్తారు. వాటిలో ఒక నాలుగు 100 వలయంలో ఉంటే పర్లేదు, మిగతా నాలుగుతో మీకు పని లేదు.

రెండోది మధ్య రంధ్రం. స్విఫ్ట్ హబ్బు 54.1 మి.మీ., సిటీది 56.1, పోలోది 57.1. బయట అమ్మే రిమ్ములు అందరికీ సరిపోవాలని పెద్ద రంధ్రంతో, తరచు 73.1తో వస్తాయి. ఆ ఖాళీని నింపే ప్లాస్టిక్ లేదా అల్యూమినియం రింగులు అడిగి వేయించుకోండి. చిన్న వస్తువే, ఖరీదు కూడా తక్కువే. అది లేకపోతే ఎనభై, తొంభై స్పీడులో స్టీరింగ్ వణుకుతుంది, ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా పోదు.

మూడోది నట్టు. మారుతి బళ్లలో 12×1.25 మర (12 మి.మీ. లావు, మర చుట్టుకీ చుట్టుకీ దూరం 1.25 మి.మీ.), హ్యుందాయ్, హోండాల్లో 12×1.5. ఒకదానిది ఇంకోదానికి షాపులో నట్లు బిగించే గన్‌తో బిగిస్తే మర చెడుతుంది. హోండా సొంత నట్లకు అడుగు గుండ్రంగా ఉంటుంది. బయటి అల్లాయ్స్‌కి ఎక్కువగా కోన్ ఆకారపు నట్లు కావాలి. పాత నట్లే కొత్త రిమ్ముకి వాడేస్తుంటే చూస్తూ ఊరుకోకండి.

బరువు, ముద్ర, వయసు

కొత్త టైరు బరువు కోడు పాతదానికన్నా తగ్గకూడదు. ఇక్కడో చిక్కుంది. 195/55 ఆర్16 మామూలు రకంలో కోడు 87, అంటే 545 కిలోలు. పాతది 88. వెడల్పు పెరిగింది కదా, బలం కూడా పెరుగుతుందనుకుంటాం, పెరగలేదు. అదే సైజులో ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే రకం) అని రాసిన 91 కోడు టైర్లు దొరుకుతాయి, 615 కిలోలు. కాకపోతే గాలి మామూలుకన్నా కొంచెం ఎక్కువ పెడితేనే ఆ బరువు మోస్తాయి. ఎంతన్నది టైరు కంపెనీ పట్టిక చూసి పెట్టించండి. పదిహేను అంగుళాల్లోనే ఉండి 195/60కి వెళ్తే 88 అలాగే దొరుకుతుంది. పట్టు మాత్రమే కావాలనుకునేవాళ్లకు నా ఓటు దీనికే. రిమ్ము డబ్బు మిగిలి, మంచి రబ్బరు కొనుక్కోవచ్చు.

టైరు మీద ఐఎస్ఐ ముద్ర ఉండాలి, కార్ల టైర్లకు ఆ ప్రమాణం ఐఎస్ 15633. తయారీ తేదీ నాలుగంకెల్లో ఉంటుంది. 2324 అంటే 2024లో ఇరవై మూడో వారం. రిమ్ము వెనక ఎన్ని కిలోలు మోస్తుందో అచ్చుంటుంది, లేనిది కొనకండి. వీలైతే రిమ్మును పాత రిమ్ముతో పాటు తూకం వేయించండి. అల్లాయ్ అంటే తేలిక అనుకుంటాం కానీ, చవక పదహారు అంగుళాల అల్లాయ్ పద్నాలుగు అంగుళాల ఇనుప రిమ్ముకన్నా బరువుండటం నేను చూశాను.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి తేడా పడేలా బండిని మార్చకూడదు. బాడీ దాటి బయటికొచ్చిన చక్రం ఎవరి కంటికైనా దూరం నుంచే కనిపిస్తుంది. మీ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన సైజుల్లోనే ఉంటే ఈ టెన్షన్ ఉండదు. వారంటీలో ఉన్న బండయితే సర్వీస్ సెంటర్‌లో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర ముందే అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

బిగించే రోజు

టైరు ఎక్కించక ముందు వట్టి రిమ్మునే ముందు హబ్బుకి, వెనక హబ్బుకి పెట్టించి చేత్తో తిప్పి చూడండి. బ్రేక్ క్యాలిపర్‌కీ (బ్రేక్ డిస్కును పట్టి నొక్కే భాగం) రిమ్ము ఊచలకీ మధ్య కనీసం మూడు నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ కావాలి. రిమ్ము వ్యాసం పెద్దదైనంత మాత్రాన ఇది దానంతట అదే రాదు, ఊచల వంపును బట్టి ఉంటుంది. టైరు ఎక్కించి రోడ్డు మీద తిప్పాక వెనక్కి తీసుకోమంటే ఎవరూ తీసుకోరు కాబట్టి ఈ పరీక్ష ఇప్పుడే.

టైర్లు ఎక్కించాక మడ్‌గార్డ్ అంచు లోపల సుద్దముక్కతో బాగా రుద్దండి. వెనక ముగ్గురిని కూర్చోబెట్టండి. షాపులో కుర్రాళ్లు నవ్వుతూనే ఎక్కుతారు. స్టీరింగ్ అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి, రివర్స్‌లో కూడా అలాగే పోనిచ్చి, పక్క వీధిలో ఉన్న స్పీడ్‌బ్రేకర్ రెండుసార్లు దాటించండి. దిగి టైరు మీద సుద్ద అంటిందేమో చూడండి. అంటితే ఆ సెట్టు మీది కాదు. చిన్నగానే అంటిందిలే అనుకోకండి, ఘాట్‌లో మలుపు తిరుగుతూ గుంతలో పడితే ఇంకా లోతుకు దిగుతుంది.

నట్లు గన్‌తో చివరిదాకా బిగించనివ్వకండి. చక్రం గాల్లో ఉండగా చేత్తో ఎక్కించి, ఒకదాని తర్వాత దానికి ఎదురుగా ఉన్నది బిగించి, బండి కిందికి దించాక టార్క్ రెంచ్‌తో (ఎంత గట్టిగా బిగిసిందో కొలిచే పానా) మాన్యువల్‌లో చెప్పినంత బిగించమనండి. అల్లాయ్ మొదట్లో కొంచెం సర్దుకుంటుంది, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూపించండి. అలైన్‌మెంట్ ఎలాగూ చేయిస్తారు. గాలి తలుపు స్టిక్కర్ ప్రకారం మొదలుపెట్టి, టైరు రకం మారితే ఆ మేరకు మార్చండి.

పాత రిమ్ములు అమ్మేయకండి. నేను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాను. శ్రీశైలం నుంచి తిరిగొచ్చాక కొత్త సెట్టు దొరికేదాకా బండి పదకొండు రోజులు సెల్లార్‌లో పడుంది, ఆఫీసుకు ఆటోలో వెళ్లాను.